కళ్లజోడు, వినికిడి యంత్రం: రెండూ ఒకే చెవిపై ఇబ్బంది లేకుండా అమరాలంటే ఏం చేయాలి?

చెవిడొప్పకూ తలకూ మధ్య ఉండే చోటు చాలా ఇరుకైనది. అక్కడ కళ్లజోడు కాడ ఒక్కటే ఉన్నంతకాలం దాని సంగతి మనకు గుర్తే రాదు. చెవి వెనక పెట్టుకునే వినికిడి యంత్రం కూడా వచ్చి చేరగానే కాడ పైకి లేస్తుంది, యంత్రం పక్కకు ఒరుగుతుంది, చర్మం కందుతుంది. చాలామంది కొన్ని వారాలు ఓర్చుకుంటారు. ఆ తరువాత రెండింటిలో ఒకదాన్ని డబ్బాలో పెట్టేస్తారు. దాదాపు ఎప్పుడూ డబ్బాలోకి వెళ్లేది వినికిడి యంత్రమే.

మా అమ్మ విషయంలో అదే జరిగింది. యంత్రం ఒకచోట పెట్టించాం, కళ్లజోడు మరోచోట చేయించాం. యంత్రం అమర్చిన రోజు ఆమె కళ్లజోడు చేతిసంచిలో ఉంది. కళ్లజోడుకు కొలతలు తీసిన రోజు యంత్రం ఇంట్లో ఉంది. మూడు వారాల తరువాత ఒక మధ్యాహ్నం కుక్కర్ కూతలు వినిపించక పప్పు అడుగంటింది. అప్పుడు గానీ ఆమె యంత్రం పెట్టుకోవడం మానేసిందని మాకు తెలియలేదు. చెవి వెనక జుట్టు తప్పించి చూస్తే బియ్యపు గింజంత పుండు.

ఇంతకాలం తరువాత నాకు తెలిసిందేమిటంటే, తప్పు చెవిది కాదు, యంత్రానిదీ కాదు. రెండు వస్తువులనూ ఇద్దరు వేర్వేరు మనుషులు, ఒకరి పని ఇంకొకరు చూడకుండా అమర్చడంలోనే ఇబ్బంది అంతా ఉంది. అందువల్ల కింద చెప్పే ప్రతి అడుగుకూ ఒకటే షరతు: కళ్లద్దాల షాపుకు వెళ్లేటప్పుడు యంత్రం చెవికి ఉండాలి, ఆడియాలజిస్ట్ (వినికిడి పరీక్షించి యంత్రం అమర్చే నిపుణుడు) దగ్గరికి వెళ్లేటప్పుడు కళ్లజోడు ముక్కుపై ఉండాలి.

1. ముందుగా మీ దగ్గర ఉన్నవేమిటో చూసుకోండి

వినికిడి యంత్రాలు చూడటానికి రకరకాలుగా ఉన్నా, కళ్లజోడుతో పేచీ పెట్టుకునే విషయంలో మూడు రకాలుగా అనుకుంటే సరిపోతుంది.

మొదటిది, చెవి వెనక అరటిపండు ఆకారంలో కూర్చునే యంత్రం. దాని నుంచి పారదర్శకమైన గొట్టం వచ్చి, చెవి అచ్చుతో చేసిన మోల్డ్‌లోకి వెళుతుంది. ఇది ఎక్కువ చోటు తీసుకుంటుంది, కాబట్టి ఎక్కువ శ్రద్ధ దీనికే కావాలి.

రెండోది, చెవి వెనక చిన్న భాగం మాత్రమే ఉండి, సన్నని తీగ చెవిలోకి వెళ్లే రకం. తీగ చివర చిన్న స్పీకరు, దానికి డోమ్ అనే మెత్తటి రబ్బరు టోపీ ఉంటాయి. సన్నని కాడలున్న కళ్లజోడుతో ఇది సులభంగా సర్దుకుంటుంది.

మూడోది, పూర్తిగా చెవి లోపలే ఉండేది. దీనికి కాడతో సంబంధమే లేదు. అయితే కళ్లజోడు ఇబ్బంది పెడుతోందన్న ఒక్క కారణంతో దీనికి మారాలని తొందరపడకండి. వినికిడి లోపం ఎక్కువగా ఉన్నవారికి దీని శక్తి చాలకపోవచ్చు. గులిమి ఎక్కువగా వచ్చే చెవుల్లో తరచూ మూసుకుపోతుంది. వేళ్లు వణికేవారికి అంత చిన్న బ్యాటరీ మార్చడం కష్టం.

మీ యంత్రం ఎంత పెద్దదో బ్యాటరీ మీది స్టిక్కరు రంగు చూసి కూడా అంచనా వేయవచ్చు. పసుపు 10 నంబరుది, గోధుమరంగు 312, నారింజ 13, నీలం 675. నారింజ, నీలం రంగులవి సాధారణంగా చెవి వెనక పెట్టుకునే పెద్ద యంత్రాలకు వాడతారు. చార్జింగ్ చేసుకునే రకానికి ఈ లెక్క వర్తించదు.

ఇప్పుడు కళ్లజోడు తీసి కాడ లోపలివైపు చూడండి. 52, 18, 140 వంటి మూడు అంకెలు కనిపిస్తాయి. మొదటిది అద్దం వెడల్పు, రెండోది ముక్కు దగ్గరి వంతెన వెడల్పు, మూడోది కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలోనే. కాడలు ఎక్కువగా 135, 140, 145, 150 పొడవుల్లో దొరుకుతాయి. మీ అంకెలను ఒక కాగితం మీద రాసుకోండి. కొత్త ఫ్రేము కొనేటప్పుడు ఇవి చాలా పనికి వస్తాయి.

2. షాపుకు వెళ్లేముందు ఇంట్లో చేయాల్సిన పరిశీలన

ఎక్కడ నొక్కుకుంటోందో కచ్చితంగా చెప్పలేకపోతే ఎంత అనుభవమున్నవారైనా సరిచేయలేరు. "చెవి నొప్పిగా ఉంది" అన్న మాట సరిపోదు. రెండూ పెట్టుకుని కనీసం రెండు గంటలు ఇంట్లో తిరగండి. తరువాత ఇంట్లో మరొకరిని దగ్గర కూర్చోబెట్టుకుని, మంచి వెలుతురులో ఇవి చూడమనండి:

- కళ్లజోడు ముందు నుంచి చూస్తే సమంగా ఉందా, యంత్రం ఉన్న వైపు పైకి లేచిందా?
- కాడ యంత్రం మీద ఎక్కి కూర్చుందా, పక్కన ఒదిగి ఉందా?
- యంత్రం పైభాగంలోని మైకు రంధ్రాలను కాడ గానీ జుట్టు గానీ కప్పుతున్నాయా?
- తీగ లేదా గొట్టం చెంపకు ఆనుకుని ఉందా, విల్లులా బయటికి వంగి ఉందా?
- రెండూ తీసిన తరువాత ఎరుపు ఎక్కడ ఉంది: చెవిడొప్ప పైఅంచునా, వెనక ఎముక మీదా, కణతల దగ్గరా, ముక్కు మీదా?
- ఆ ఎరుపు అరగంటలో తగ్గిందా?

ఎరుపు కనిపించిన చోటును ఫోనులో ఫోటో తీసుకోండి. చెవి వెనక భాగాన్ని మనం చూసుకోలేం కాబట్టి, షాపులో వివరించడానికి ఆ ఫోటో వంద మాటల పెట్టు.

చర్మం చిట్లినా, రసి కారుతున్నా, ముందు అది మానేవరకు ఆ చెవికి ఒత్తిడి తగలనివ్వకండి. మధుమేహం ఉన్నవారు చిన్న పుండును కూడా తేలికగా తీసుకోకుండా డాక్టరుకు చూపించాలి.

3. ఫ్రేము ఎంపిక

ఉన్న ఫ్రేమును సరిచేయించుకోవడం చాలాసార్లు సరిపోతుంది. అది కుదరనప్పుడు, లేదా పవరు మారి ఎలాగూ కొత్తది తీసుకోవాల్సి వచ్చినప్పుడు, ఈ భాగం చదవండి.

అన్నిటికంటే ముందు చూడాల్సింది కాడ మందం. ఈ మధ్య బాగా కనిపిస్తున్న లావుపాటి ప్లాస్టిక్ ఫ్రేముల కాడలు చెవి వెనక యంత్రానికి చోటు మిగల్చవు. సన్నని లోహపు కాడలు, ముఖ్యంగా టైటానియంవి, తేలికగా ఉంటాయి, వంచితే నిలుస్తాయి. టీఆర్ 90 అనే తేలికపాటి ప్లాస్టిక్ కూడా బరువు తక్కువే, కానీ కాడ చివరను కావలసినట్టు వంచడం లోహంతో కుదిరినంత బాగా కుదరదు. కొనేముందు, కాడ చివర వంపును సరిచేయడానికి వీలవుతుందా అని షాపువారిని తప్పకుండా అడగండి.

చెవి చుట్టూ కొక్కెంలా పూర్తిగా చుట్టుకునే కాడలు వద్దు. అవి యంత్రం కూర్చోవాల్సిన చోటునంతా ఆక్రమిస్తాయి. చివర కొద్దిపాటి వంపే ఉండి, తలను పక్కల నుంచి మృదువుగా పట్టుకునే కాడలు మేలు.

రెండోది బరువు. కళ్లజోడు బరువును ముక్కు, చెవులు పంచుకుంటాయి. పవరు ఎక్కువగా ఉన్నవారు గాజు అద్దాలకు బదులు ప్లాస్టిక్ అద్దాలు, వాటిలోనూ పలుచగా వచ్చే హై ఇండెక్స్ రకం తీసుకుంటే చెవి మీద భారం తగ్గుతుంది. అద్దం సైజు చిన్నదైతే బరువు ఇంకా తగ్గుతుంది. ముక్కు దగ్గర విడిగా అమర్చిన సిలికాన్ నోస్ ప్యాడ్‌లు ఉంటే వాటిని అటూ ఇటూ సరిచేసి, కొంత భారాన్ని ముక్కు మీదికి మార్చుకోవచ్చు. ఒకే ముక్కగా పోత పోసిన ఫ్రేముల్లో ఆ సౌలభ్యం ఉండదు.

ప్రోగ్రెసివ్ అద్దాలు వేయించుకునేవారు ఇంకొక విషయంలో జాగ్రత్త పడాలి. ఈ అద్దాల్లో దూరం చూసే చోటు పైన, చదివే చోటు కింద ఉంటాయి. కంటిపాపకు ఎదురుగా ఏ భాగం రావాలో మిల్లీమీటర్లలో కొలిచి తయారు చేస్తారు. యంత్రం లేకుండా కొలత తీసి, తరువాత యంత్రం పెట్టుకుంటే కాడ లేచి, అద్దం వాలు మారి, ఆ కొలత తప్పుతుంది. చదువుతుంటే మెడ ఎత్తాల్సి రావడం, మెట్లు దిగుతుంటే తడబడటం వంటివి మొదలవుతాయి. చాలామంది "ప్రోగ్రెసివ్ నాకు పడలేదు" అనుకుని వదిలేస్తారు. కొలత తీసేటప్పుడు రెండు యంత్రాలూ చెవులకు ఉండాలని మీరే గట్టిగా చెప్పండి.

కొనే ముందు చూసుకోవాల్సినవి:

- యంత్రం చెవికి ఉండగానే ఫ్రేమును తొడిగి చూశారా?
- కాడ, యంత్రం పక్కపక్కన ఒదుగుతున్నాయా?
- ముందుకు వంగితే కళ్లజోడు జారుతోందా?
- నవ్వినప్పుడు, నమిలినప్పుడు యంత్రం కదులుతోందా?
- పదిహేను నిమిషాలు తొడిగి ఉంచి చూశారా?

చివరిది చాలామంది చేయరు. కౌంటరు దగ్గర అద్దంలో ఒక నిమిషం చూసుకుని తీసేస్తే నొప్పి సంగతి తెలియదు. తొందరపెట్టే షాపు అయితే మరో షాపుకు వెళ్లండి. హైదరాబాద్‌లో కోఠి, ఆబిడ్స్ ప్రాంతంలో అడుగడుగునా కళ్లద్దాల షాపులున్నాయి.

4. కాడను సరిచేయించడం

కుదిరితే రద్దీ లేని వేళ, పనిదినాల్లో ఉదయం పూట వెళ్లండి. ఇది ఓపికగా, రెండు మూడుసార్లు తొడిగి తీసి చేయాల్సిన పని.

అమ్మను రెండోసారి తీసుకువెళ్లిన చోట ఒక పెద్దాయన చేసిన తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. ఆయన ముందు ఫ్రేమును ముట్టుకోలేదు. "అమ్మా, తల కొంచెం అటు తిప్పండి" అని చెవి వెనక్కి వంగి చూసి, ఒక విజిటింగ్ కార్డు అంచును కాడకూ చర్మానికీ మధ్య పెట్టి జరిపారు. చెవి పైఅంచు దాటాక అది ఆగిపోయింది. ఆగిన చోట కాడ మీద స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టారు. తరువాత కాడ చివరను వేడిగాలి యంత్రం దగ్గర పట్టుకుని, అది మెత్తబడ్డాక బొటనవేలితో వంపును కొద్దిగా తెరిచి, బయటికి రవ్వంత తిప్పారు. చల్లారాక మళ్లీ తొడిగి, మళ్లీ కార్డు. నాలుగోసారికి కార్డు చివరిదాకా జారింది.

మీరు షాపులో అడగాల్సినవి ఇవే, ఈ వరుసలోనే:

1. ముందు ముక్కు దగ్గర కళ్లజోడు సరిగ్గా కూర్చునేలా నోస్ ప్యాడ్‌లు సరిచేయమనండి. ముక్కు దగ్గర జారే కళ్లజోడుకు కాడలు ఎంత వంచినా ఫలితం ఉండదు.

2. కాడల మధ్య వెడల్పు చూడమనండి. కణతల దగ్గర బిగుతుగా ఉంటే కళ్లజోడు ముందుకు తోసుకువస్తుంది. దాన్ని ఆపడానికి చివరి వంపు చెవిని మరింత గట్టిగా పట్టుకుంటుంది.

3. వంపు మొదలయ్యే చోటు సరిచేయమనండి. చెవి పైఅంచు దాటిన తరువాత వంపు మొదలవ్వాలి. యంత్రం కూడా ఉన్నప్పుడు దాన్ని కొద్దిగా వెనక్కి జరిపి, వంపును తగ్గించాల్సి రావచ్చు.

4. చివరి భాగం తల ఎముకకు ఆనుకుని ఉండాలి గానీ గుచ్చుకోకూడదు. కాడకూ చెవిడొప్పకూ మధ్య యంత్రానికి చోటు మిగలాలి.

ఒక చెవికే యంత్రం ఉన్నవారికి ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. సరిచేసిన కళ్లజోడును బల్ల మీద పెడితే రెండు కాడలూ సమంగా ఆనకపోవచ్చు. అది చూసి కొందరు షాపువారు అలవాటుగా మళ్లీ సమం చేసేస్తారు. బల్ల మీద కాదు, ముఖం మీద సమంగా ఉందా అన్నదే చూడాలి. ఆ మాట ముందే చెప్పి ఉంచండి.

ఇంట్లో స్టవ్ మంట మీద, వేడినీళ్లలో కాడలు వంచే ప్రయత్నం చేయకండి. కాడ విరుగుతుంది, అద్దం పైపూత పాడవుతుంది.

5. యంత్రం వైపు చేయాల్సిన సర్దుబాటు

కాడ సరిగ్గా ఉన్నా యంత్రం పైకి లేస్తుంటే ఆడియాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. సన్నని తీగ రకానికి తీగ వేర్వేరు పొడవుల్లో వస్తుంది. పొట్టిదైతే యంత్రాన్ని చెవి పైకి లాగి కాడ కిందికి తెస్తుంది; పొడవుదైతే విల్లులా బయటికి వంగి, కళ్లజోడు తీసినప్పుడల్లా తగులుకుంటుంది. తీగ మార్చడం కొద్ది నిమిషాల పని, కానీ తేడా చాలా పెద్దది.

డోమ్ వదులుగా ఉంటే కాడ కదిలినప్పుడల్లా బయటికి జరిగి యంత్రం కూత పెడుతుంది. సైజు మార్పించుకోండి. ఎంత మార్చినా నిలవకపోతే, మీ చెవి అచ్చుతో మోల్డ్ చేయించుకోవడం మంచిది. మోల్డ్ వాడేవారికి గొట్టం వాడకంతో పసుపుబారి గట్టిపడుతుంది. గట్టిపడిన గొట్టం యంత్రాన్ని పక్కకు తోస్తుంది. సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలకు ఒకసారి దాన్ని మార్పించాలి.

యంత్రం వాలు కూడా చూడమనండి. చాలా యంత్రాల్లో రెండు మైకు రంధ్రాలుంటాయి. అవి ముందూ వెనకా ఒకే వరుసలో ఉంటేనే ఎదురుగా ఉన్న మనిషి మాటను, చుట్టూ ఉన్న గోలను యంత్రం వేరుచేయగలుగుతుంది. కాడ యంత్రాన్ని వెనక్కి తోసి నిలువుగా నిలబెడితే ఆ ప్రయోజనం తగ్గిపోతుంది. పెళ్లిభోజనాల దగ్గర, ఫంక్షన్ హాళ్లలో మాట అర్థం కావడం లేదంటే సెట్టింగుల కంటే ముందు ఈ వాలును అనుమానించండి.

6. పెట్టుకునే క్రమం

మంచం మీద గానీ, తువ్వాలు పరిచిన బల్ల ముందు గానీ కూర్చుని పెట్టుకోండి. యంత్రం చేజారినా మెత్తగా పడుతుంది. వాష్‌బేసిన్ ముందు నిలబడి ఎప్పుడూ పెట్టుకోవద్దు.

1. చెవి వెనక చెమట, తలనూనె పొడిగుడ్డతో తుడవండి. జుట్టు వెనక్కి తీసుకోండి.

2. కళ్లజోడును రెండు చేతులతో పట్టుకుని, ఎదురుగా నేరుగా తొడగండి. కాడలు తలకు ఆనుకునేలా చూడండి.

3. యంత్రం మీది రంగు గుర్తు చూడండి. ఎరుపు కుడి చెవికి, నీలం ఎడమ చెవికి.

4. తీగ రకమైతే, యంత్రాన్ని కాడకూ చెవిడొప్పకూ మధ్య నింపాదిగా దించండి. తరువాత రెండో చేతితో చెవిడొప్పను కొద్దిగా పైకీ వెనక్కీ లాగి డోమ్‌ను లోపలికి జరపండి. తీగ చెంపకు ఆనాలి.

5. మోల్డ్ రకమైతే వరుస మారుతుంది. ముందు మోల్డ్ చెవిలో సరిగ్గా కూర్చున్నాకే యంత్రాన్ని చెవి మీదుగా వెనక్కి వేయాలి. గొట్టం మెలి తిరగకూడదు.

6. చెవి లోపలి గిన్నె భాగంలో ఆనుకునే చిన్న ప్లాస్టిక్ తోక మీ యంత్రానికి ఉంటే, దాన్ని వేలితో లోపలికి సర్దండి. జారిపోకుండా పట్టి ఉంచేది అదే.

7. తల అటూ ఇటూ తిప్పి, దవడ కదిపి, ముందుకు వంగి చూడండి. కూత, గీరుకుంటున్న చప్పుడు ఉంటే 4వ అడుగు నుంచి మళ్లీ చేయండి.

కళ్లజోడు ముందా, యంత్రం ముందా అన్న దానిపై భిన్నమైన సలహాలు వింటారు. కాడ కింద యంత్రం నలగకుండా ఉంటుంది కాబట్టి నేను కళ్లజోడు ముందు అనే చెబుతాను. చెవిడొప్ప తలకు బాగా అతుక్కున్నట్టు ఉండేవారికి మాత్రం యంత్రం ముందు పెట్టి, కాడను దాని మీదుగా దించితే హాయిగా ఉండవచ్చు. రెండు పద్ధతులూ చెరో మూడు రోజులు చేసి చూసి, ఒకదానికి కట్టుబడండి.

చదవడానికి మాత్రమే కళ్లజోడు వాడేవారికి ఈ క్రమం సాగదు. రోజుకు ఇరవైసార్లు తీసి పెట్టుకునేవారు ఉదయమే యంత్రం పెట్టేసుకుని, వంపు లేని సన్నని కాడల కళ్లజోడు వాడుకోవాలి, మెడలో తాడు వేసుకోవాలి. కళ్లజోడును నెత్తి మీదికి నెట్టే అలవాటు ఉంటే మానుకోవాలి. యంత్రం ఊడేది ఎక్కువగా అప్పుడే.

7. తీసే క్రమం

యంత్రాలు పోయేది పెట్టుకునేటప్పుడు కాదు, తీసేటప్పుడు. ఒంటిచేత్తో కళ్లజోడును పక్కకు లాగితే అవతలి చెవి కాడ యంత్రాన్ని కొక్కెంలా లాక్కువస్తుంది.

రాత్రి పడుకునే ముందు యంత్రాలు మొదట, కళ్లజోడు తరువాత. పగటిపూట కళ్లజోడు ఒక్కటే తీయాలంటే రెండు చేతులతో రెండు కాడలనూ పట్టుకుని నేరుగా ముందుకు జరపాలి. తీసిన ప్రతిసారీ రెండు చెవులనూ తడిమి చూసుకోవాలి. ఈ తడిమి చూసుకోవడం చేతికి అలవాటయ్యేవరకు ఇంట్లోవారు గుర్తుచేస్తూ ఉంటే మంచిది.

8. హెల్మెట్, మాస్కు, మాటీలు

హైదరాబాద్ రోడ్ల మీద బండి నడిపేవారికి ఇది తప్పని సమస్య. మా బాబాయి ఒకరోజు మెహిదీపట్నం దగ్గర బండి ఆపి, హెల్మెట్ తీసి, మంచినీళ్లు తాగి ఇంటికి వచ్చారు. ఇంటికి వచ్చాక చూసుకుంటే కుడి చెవి ఖాళీ. వెనక్కి వెళ్లి వెతికితే దొరకలేదు. ఆయన వరుస ఇప్పుడు ఇలా ఉంటుంది:

- హెల్మెట్ తొడిగేముందు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుంటారు.
- హెల్మెట్ అడుగు అంచులను రెండు చేతులతో బయటికి లాగి పట్టుకుని, చెవులకు రాయకుండా తొడుగుతారు.
- తరువాత అద్దపు కిటికీ ఎత్తి కళ్లజోడును నేరుగా లోపలికి జరుపుతారు.
- తీసేటప్పుడు ముందు కళ్లజోడు, తరువాత హెల్మెట్, వెంటనే చెవులు తడిమి చూసుకోవడం.

హెల్మెట్ లోపల కూత ఆగకపోతే, యంత్రాలను గట్టి డబ్బాలో పెట్టి లోపలి జేబులో వేసుకోవడం నయం. అయితే వినికిడి లోపం ఎక్కువగా ఉన్నవారు వెనక నుంచి వచ్చే హారన్ వినలేని స్థితిలో బండి నడపడం మంచిది కాదు. అలాంటివారు మెట్రోలోనో ఆటోలోనో వెళ్లాలన్నది నా గట్టి అభిప్రాయం.

మాస్కు చెవులకు తగిలించుకునేది కాకుండా తల వెనక ముడివేసుకునేది వాడండి. అదే చోటులో మూడో వస్తువు దూర్చకూడదు.

ఆడవారికి పండుగలకూ పెళ్లిళ్లకూ మాటీలు ఇదే ఇబ్బంది తెస్తాయి. చెవిదుద్దు నుంచి జుట్టులోకి వెళ్లే ఆ గొలుసు సరిగ్గా యంత్రం మీదుగా పోతుంది, మైకుకు తగిలి గీరుకుంటున్న చప్పుడు చేస్తుంది. చెంపపిన్నును ఇంకొంచెం పైకి, చెవికి ముందువైపుగా పెట్టి, గొలుసు యంత్రాన్ని తాకకుండా తిప్పండి. బరువైన జుంకాలు చెవిని కిందికి లాగి మోల్డ్‌ను కదిలించవచ్చు. కొద్ది గంటలకైతే ఫరవాలేదు. గుడిలో సాష్టాంగం చేసేముందు, క్షవరానికి కూర్చునేముందు యంత్రాలు తీసి డబ్బాలో పెట్టండి. చున్నీ, హిజాబ్ కట్టుకునేవారు పిన్నులు చెవికి దూరంగా ఉండేలా చూసుకోవాలి.

9. ఎండ, వాన, నూనె

ఏప్రిల్, మే నెలల్లో చెవి వెనక చెమట ఆగదు. కాడ జారుతుంది, యంత్రంలోకి తేమ చేరుతుంది. మధ్యాహ్నం ఒకసారి రెండూ తీసి, చెవి వెనక భాగాన్నీ కాడలనూ పొడిగుడ్డతో తుడవండి. వానలో తడిస్తే యంత్రాన్ని తుడిచి, బ్యాటరీ తీసి, బ్యాటరీ అర తలుపు తెరిచి, సిలికా జెల్ (తేమను పీల్చుకునే గింజలు) ఉన్న డబ్బాలో రాత్రంతా ఉంచండి. గింజల రంగు మారితే వాటి పని అయిపోయిందని గుర్తు. హెయిర్ డ్రయ్యరు, ఎండ, స్టవ్ దగ్గరి వేడి పనికిరావు.

తలనూనె రాసుకున్న వెంటనే పెట్టుకోకండి. నూనె, పౌడరు, అత్తరు మైకు రంధ్రాలను మూసేస్తాయి. యంత్రాన్ని స్పిరిటుతోనూ శానిటైజరుతోనూ తుడవకూడదు.

10. తరచూ ఎదురయ్యే ఇబ్బందులు, వాటి పరిష్కారాలు

*చెవిడొప్ప పైఅంచు కందుతోంది.* కాడ వంపు ముందుగానే మొదలవుతోంది. 4వ భాగంలో చెప్పినట్టు సరిచేయించండి. దూది, గుడ్డముక్కలు దూర్చితే చోటు ఇంకా తగ్గి నొప్పి పెరుగుతుంది. తాత్కాలికంగా పలుచని సిలికాన్ తొడుగు కాడకు వేసుకోవచ్చు.

*నమిలినప్పుడు కూత.* డోమ్ సైజు సరిపోలేదు, లేదా చెవిలో గులిమి పేరుకుంది. అగ్గిపుల్లలు, పిన్నీసులు పెట్టకుండా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

*తల తిప్పితే గరగర చప్పుడు.* కాడ మైకును రాస్తోంది. యంత్రాన్ని కొద్దిగా వెనక్కి సర్దండి. తగ్గకపోతే కాడను మార్పించాలి.

*ఒక కంటికి అక్షరాలు మసకగా ఉన్నాయి.* పవరు మారిందనుకునేముందు కళ్లజోడు ఒకవైపు లేచిందేమో చూడండి.

*యంత్రం పదేపదే ఊడిపోతోంది.* చొక్కా కాలరుకు క్లిప్పుతో తగిలించే సన్నని తాడు దొరుకుతుంది. ఊడినా నేల మీద పడదు. పిల్లలకూ ఎక్కువ వయసువారికీ ఇది మొదటి రోజు నుంచే పెట్టండి.

*బ్యాటరీ వేసిన వెంటనే పనిచేయలేదు.* స్టిక్కరు తీశాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి, ఆ తరువాత బ్యాటరీ అర తలుపు మూయండి. ఈ బ్యాటరీలు గాలితోనే పనిచేస్తాయి.

11. ఎవరి దగ్గరికి వెళ్లాలి

చెవి పరీక్షకు కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం వినికిడి పరీక్షలకూ, యంత్రాలకూ సంబంధించినదే. కంటి పరీక్షకు మెహిదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి, బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉన్నాయి. ప్రైవేటుగా వెళితే, ఆడియాలజిస్ట్‌కు భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) నమోదు ఉందేమో అడగడానికి మొహమాటపడకండి.

తక్కువ ఆదాయం ఉన్న వృద్ధులకు కళ్లజోడు, వినికిడి యంత్రం రెండూ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం రాష్ట్రీయ వయోశ్రీ యోజన. ఇది 2017లో మొదలైంది. ఆ శిబిరాల్లో రెండూ ఒకేరోజు అందితే, అక్కడే రెండూ కలిపి తొడిగి చూసి, కాడ నొక్కుకుంటోందేమో చెప్పించుకుని గానీ ఇంటికి రాకండి.

చెవి నుంచి చీము, రక్తం వచ్చినా, వినికిడి ఉన్నట్టుండి తగ్గినా, అది కళ్లజోడు సర్దుబాటుతో తీరే సంగతి కాదు. యంత్రం తీసేసి అదే రోజు ఈఎన్‌టీ డాక్టరును కలవండి.

సరిచేయించిన మొదటి వారం రోజూ రాత్రి చెవి వెనక చూపించుకోండి. ఎరుపు కనిపిస్తే తారీఖు, చోటు రాసుకుని, వారం తిరిగేలోపు అదే షాపుకు, అదే మనిషి దగ్గరికి వెళ్లండి. మా అమ్మకు నాలుగుసార్లు తిరగాల్సి వచ్చింది. నాలుగోసారి తరువాత ఆమె చెవి వెనక పుండు మానింది, యంత్రం మళ్లీ డబ్బాలోకి పోలేదు.